శాస్త్రిగారు గుడ్డు పెట్టారు

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, ఇద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, వారంలో మూడు రోజులు ఆఫీసు, ఏడేళ్ళ పాప. "ఆఫ్రికన్ గ్రే చిలకను తెచ్చుకోవాలనుంది. తెలుగు మాట్లాడుతుందా? ఏం పెట్టాలి? పంజరం ఎంతుండాలి? చట్టప్రకారం ఇబ్బందేమన్నా ఉందా?" అని అడిగారు. అన్నిటికీ చెప్తాను. కానీ మీరు అడగని ప్రశ్న ఒకటుంది, ముందు అది నేనడుగుతాను. మధ్యాహ్నం మూడింటికి మీ ఇంట్లో ఎవరుంటారు?

మాది హిందూపురం. బెంగళూరు విజయనగర్‌లో స్థిరపడి ముప్పయ్యేళ్ళు దాటింది. 2007లో మావారి స్నేహితుడొకాయన ఢిల్లీకి బదిలీ అయ్యి, మూడు నెలల గ్రే పిల్లను మా ఇంట్లో పెట్టి "రెండు నెలల్లో వచ్చి తీసుకుపోతా" అన్నాడు. ఆ రెండు నెలలు ఇంకా కాలేదు. బూడిదరంగు ఒళ్ళు, ఎర్ర తోక, తల పక్కకు వంచి ఒక కంటితో మనల్ని పైనుంచి కిందికి చూడటం. ఏం చెప్పినా 'ఈ వారంలో ముహూర్తాలు లేవండీ' అన్నట్టుండేది మొహం. అందుకని శాస్త్రి అని పేరు పెట్టాం. అప్పుడు కళ్ళు నల్లగా ఉండేవి. ఏడాది దాటాక మెల్లగా లేత పసుపుకు తిరిగాయి. పిల్లా పెద్దా అన్నది ఈ జాతిలో కళ్ళను చూసే పోల్చుకోవచ్చు. ఎవరైనా "మూడు నెలల పిల్లండీ" అని పసుపు కళ్ళ పిట్టను చూపిస్తే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

మాటల సంగతి. తెలుగేంటి, ఇంట్లో ఏది వినిపిస్తే అది మాట్లాడుతుంది. మనం నేర్పిందే పలుకుతుందని మాత్రం అనుకోకండి. నేను ఆర్నెల్లపాటు రోజూ పొద్దున "రామ రామ" అని నేర్పాను. అది వింది, మొహం తిప్పుకుంది. పద్నాలుగో నెలలో మొదటిసారి నోరు విప్పి అన్న మాట "వస్తున్నా వస్తున్నా". మా ఇంట్లో బెల్లు మోగితే మావారు సోఫాలోంచి లేవకుండా అనే మాట అది. అదే గొంతు, అదే బద్ధకం. ఇప్పటికీ మేం గుడికెళ్ళినప్పుడు కొరియర్ కుర్రాడు బెల్లు కొడితే లోపల్నించి "వస్తున్నా వస్తున్నా" అంటుంది. పాపం వాడు పది నిమిషాలు నిలబడి, ఫోన్ చేసి మమ్మల్ని తిడతాడు. పొద్దున ఆరింటికి పాలవాడి గొంతుతో "అమ్మా, హాలూ" అని అరుస్తుంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కొట్టే కీచు శబ్దం నేర్చుకున్న వారం, మావారు టేబుల్ కింద దూరి బ్యాటరీ వైర్లు ఊడదీసి మళ్ళీ పెట్టారు, రెండుసార్లు. మూడోసారి దూరినప్పుడు పైనుంచి "ఏమైందండీ" అని నా గొంతు వినిపించింది. నేను వంటింట్లో ఉన్నాను.

ఎందుకిలా అంటే, ఇది ఇద్దరు మనుషుల మధ్య పనికొచ్చే మాటను పట్టుకుంటుంది. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో షికాగోలో ఒక పెట్ షాపులో గ్రే పిల్లను కొని, అలెక్స్ అని పేరు పెట్టి ముప్పయ్యేళ్ళు దానితో పనిచేశారు. ఆమె పద్ధతిలో మనుషులు ఇద్దరుంటారు. ఒకరు వస్తువు చూపించి ఇదేంటని అడుగుతారు, రెండోవారు సరిగ్గా చెప్తే ఆ వస్తువు వాళ్ళ చేతికొస్తుంది. పిట్ట పక్కన కూర్చుని చూస్తుంది, పోటీకొస్తుంది. అలా అలెక్స్ రంగులు, ఆకారాలు, వస్తువుల పేర్లు నేర్చుకుంది, ఆరు దాకా లెక్కపెట్టింది. యాపిల్‌ను బనానా, చెర్రీ కలిపి 'బనెరీ' అని తనే పిలుచుకుంది. 2007 సెప్టెంబర్ 6న, 31 ఏళ్ళ వయసులో పోయింది. కాబట్టి మీరు పంజరం ముందు నిలబడి వల్లెవేయించక్కర్లేదు. మీరూ మీ ఆయనా దాని ఎదుట "బాదం కావాలా?" "కావాలి" అని ఇచ్చిపుచ్చుకోండి చాలు. కొన్ని గ్రేలు ఎన్నేళ్ళకూ ఒక్క మాటా మాట్లాడవు, ఈలలతోనే సరిపెట్టుకుంటాయి. అలాంటిదే మీ ఇంటికొస్తే మీ ఇష్టం తగ్గుతుందా అన్నది ఇప్పుడే ఆలోచించుకోండి. తగ్గుతుందనుకుంటే ఒక మంచి స్పీకర్ కొనుక్కోండి.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం మూడు గంటల సంగతి. ఇవి పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల పిట్టలు. గుంపుగా తింటాయి, గుంపుగా నిద్రపోతాయి. ఇంట్లో ఆ గుంపు మనమే. 2016లో మా అమ్మాయి పురుడుకని నేను మూడు నెలలు అమెరికా వెళ్ళాను. మావారు ఆఫీసు, మా ఆడబిడ్డ రోజూ మధ్యాహ్నం వచ్చి తిండీ నీళ్ళూ అమర్చి పోయేది. ఏ లోటూ చెయ్యలేదు. వీడియో కాల్‌లో శాస్త్రి వెనక్కి తిరిగి కూర్చునేది, అలిగింది అనుకుని నవ్వుకున్నాం. వచ్చి చూద్దును కదా, రొమ్ము మీద ఒక్క ఈక లేదు. పీకేసిన కోడిలా గులాబీరంగు తోలు, పంజరం అడుగున బూడిదరంగు కుప్ప. అది ముక్కుతో ఒక్కొక్కటీ పీక్కుంది. డాక్టరు ముందు రక్తపరీక్ష, చర్మపరీక్ష చేయించి, ముక్కూ ఈకలకొచ్చే వైరస్ జబ్బు లేదని తేల్చాకే "ఇది బెంగ" అన్నారు. ఈకలు రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఎడమ రెక్క కింద రూపాయి బిళ్ళంత మేర ఇప్పటికీ బోడిగానే ఉంది. అక్కడ ఈకల కుదుళ్ళు చచ్చిపోయాయట.

మీ ఇద్దరూ ఆఫీసుకు పోయే ఆ మూడు రోజులూ పాప బడిలో ఉంటుంది. తొమ్మిది గంటలు. అప్పుడప్పుడు ఒక రోజంటే సరే, టీవీ పెట్టి, అట్టపెట్టెలో బాదంకాయలు చుట్టిపెట్టి పోవచ్చు. వారంవారం మూడు రోజులు పదేళ్ళపాటు అంటే నేను తటపటాయిస్తాను. మీ అత్తగారో అమ్మగారో ఇంట్లో ఉంటారా? వాళ్ళకు పిట్టంటే ఇష్టమేనా? ఈ రెండో ప్రశ్న కూడా అడగండి. పెద్దవాళ్ళను చిలకకు కాపలా పెట్టేసి పోయే ఇళ్ళు చూశాను.

ఇక నేను చేసిన అసలు తప్పు చెప్తాను. మొదటి ఆరేళ్ళు శాస్త్రికి పెట్టింది పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనక్కాయలు, మధ్యలో జామకాయ ముక్క. చిలకంటే జామకాయ కదా మనకు. ఈకలు నిగనిగలాడేవి, మేం మురిసిపోయేవాళ్ళం. 2013 వేసవిలో ఒకరోజు పొద్దున గుడ్డ తీసేసరికి పంజరం అడుగున కాగితాల మీద తెల్లగా ఒక గుడ్డు. మావారిని లేపాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "శాస్త్రిగారు గుడ్డు పెట్టారే" అన్నారు. ఈ జాతిలో ఆడామగా చూసి చెప్పలేం. ఈక పంపి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తెలుస్తుంది, మాకు ఆ ఆలోచనే రాలేదు. అప్పటిదాకా ఇంట్లో "తిన్నాడు, పడుకున్నాడు" అనేవాళ్ళం. నేను ఆ రోజుతో మార్చుకున్నాను, మావారు మాత్రం ఇప్పటికీ "వాడు" అనే అంటారు.

జంట లేకపోయినా ఆడపిట్ట గుడ్డు పెడుతుంది, కోడిలాగే. మూడో రోజు రెండో గుడ్డు. ఆ మర్నాడు నేను కాఫీ కలుపుతుంటే దబ్బుమని శబ్దం. వెళ్ళి చూస్తే శాస్త్రి కొమ్మ మీంచి పడిపోయి, కాళ్ళు బిగదీసుకుని, రెక్కలు కొట్టుకుంటోంది. మెడ వెనక్కి వాలిపోయింది. ఒక నిమిషం కూడా అయ్యుండదు, తర్వాత లేచి తూలుతూ నిలబడి, నన్ను ఎవరో అన్నట్టు చూసింది. తువ్వాల్లో చుట్టి దగ్గర్లో ఉన్న క్లినిక్కుకు పరుగెత్తాను. అక్కడ చూసేది కుక్కల్ని, పిల్లుల్ని. వైటమిన్ చుక్కలిచ్చి పంపారు. సాయంత్రానికి మళ్ళీ ఫిట్స్. ఈసారి ఆటోలో గంటంపావు ట్రాఫిక్‌లో, పక్షుల్ని చూసే డాక్టరు దగ్గరికి. ఆయన రక్తం తీసి, ఫలితం వచ్చేలోపలే కాల్షియం సూదిమందు వేశారు. రాత్రి పదికి అది కొమ్మ ఎక్కి కూర్చుంది.

"ఏం పెడుతున్నారమ్మా" అన్నారు. నేను గర్వంగా డబ్బా తీసి చూపించాను. ఆయన దాన్ని టేబుల్ మీద ట్రేలో ఒంపి, గింజల్ని వేలితో అటూ ఇటూ జరిపి, "మీ అమ్మాయికి రోజూ మూడు పూటలా మిక్చరు పెట్టి, అన్నం పెట్టకపోతే ఎలా ఉంటుంది?" అన్నారు. ఆఫ్రికన్ గ్రేల రక్తంలో కాల్షియం ఇట్టే పడిపోతుందట, మిగతా చిలకల కంటే వీటిలో ఈ జబ్బు ఎక్కువట. గింజల్లో కొవ్వే గాని కాల్షియం తక్కువ, వైటమిన్ 'ఏ' కూడా అంతంతే. దానికితోడు గుడ్డు పెంకుకు ఒంట్లో ఉన్న కాల్షియమంతా పోయింది. "ఎండ తగులుతుందా" అని అడిగారు. కిటికీ పక్కనే పెడతామన్నాను. "అద్దం కిటికీయా? అయితే లాభం లేదు" అన్నారు. డీ వైటమిన్ తయారుకావడానికి కావలసిన కిరణాల్ని అద్దం చాలావరకు ఆపేస్తుంది. ఇప్పుడు రోజూ ఏడున్నరకు పంజరాన్ని వరండాలోకి తోస్తాం, అరగంట ఎండ, సగం నీడ. గద్దలూ పిల్లులూ ఉంటాయి, ఎవరో ఒకరు పక్కన కూర్చోవాల్సిందే. మావారి పేపరు చదువుడు అక్కడికి మారింది.

గుడ్లను వెంటనే తీసెయ్యకండి. తీస్తే లెక్క తక్కువైందని ఇంకోటి పెడుతుంది, ఇంకా నీరసిస్తుంది. దానికి విసుగుపుట్టి వదిలేసేదాకా ఉంచి అప్పుడు తీయాలి. వీపూ రెక్కల కిందా నిమరకండి, మీరే జంట అనుకుంటుంది. గోకాలంటే తల, మెడ, అంతే.

తిండి మార్చడం ఒక్క రోజులో అయ్యే పని కాదు. పెల్లెట్లు, అంటే చిలకల కోసమే తయారుచేసి అమ్మే బిళ్ళల్లాంటి మేత, పెడితే అది వాటిని తిండి అని గుర్తించదు, పక్కనున్న గింజలు లేకపోతే ఆకలితో మాడుతుంది తప్ప ముట్టదు. మాకు రెండున్నర నెలలు పట్టింది. ఆ రోజుల్లో నేర్చుకున్న అలవాటు ఇప్పటికీ ఉంది: రోజూ పొద్దున ఏమీ తినకముందు వంటింటి తూకం మీద ఎక్కించి గ్రాములు రాయడం. శాస్త్రి 430 దగ్గర ఉంటుంది. పదో వంతు తగ్గితే డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. పక్షి తన జబ్బును దాచుకుంటుంది. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుందంటే ఎప్పణ్ణుంచో బాలేదన్నమాట. తూకం మాత్రం అబద్ధం చెప్పదు.

ఇప్పుడు మా ఇంట్లో సగం పైగా పెల్లెట్లు. మిగతాది మునగాకు, క్యారెట్, ఎర్ర క్యాప్సికం, గుమ్మడి, ఉడికించిన చిలగడదుంప, మొలకెత్తిన పెసలు, ఉప్పు వెయ్యని రాగిసంగటి ముద్ద. మేం సీమవాళ్ళం, అదీ సంగటికి లొంగింది. పచ్చిమిరపకాయను చీల్చి గింజలు ఒక్కొక్కటే తింటుంది, పక్షులకు కారం తెలియదు. పొద్దుతిరుగుడు గింజలు మాట విన్నప్పుడు బహుమానంగా, రోజుకు నాలుగైదు. పెంకుతో ఉన్న వేరుశనక్కాయలు పూర్తిగా మానేశాం, లోపల బూజు ఉంటే కనబడదు. చాక్లెట్, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వద్దు. ఇంకొకటి బెంగళూరు వాళ్ళకు గట్టిగా చెప్పాలి: బటర్‌ఫ్రూట్. ఇక్కడ ప్రతి జ్యూస్ అంగట్లో ఉంటుంది, ఇంటికీ తెస్తాం. అవకాడో అంటే భయపడేవాళ్ళు కూడా బటర్‌ఫ్రూట్ అంటే అదే కాయ అని అనుకోరు. చిలక గుండెను ఆపేస్తుంది అది. పాపకు ముందే చెప్పిపెట్టండి.

పొగ. నాన్‌స్టిక్ పెనం ఎక్కువ కాలితే వచ్చే ఆవిరి మనకు వాసన కూడా తెలియకముందే పక్షి ప్రాణం తీస్తుంది. మా ఇంట్లో ఇనప పెనాలే. దోసె అంటుకుంటే అంటుకుంటుంది. సాంబ్రాణి, అగరుబత్తి, హారతికర్పూరం, దోమల బిళ్ళ, బొద్దింకల స్ప్రే అన్నీ దాని గదికి దూరం. మా అత్తగారున్నప్పుడు శుక్రవారం సాంబ్రాణి మానేయమనడానికి నాకు నోరు రాలేదు, శాస్త్రినే పక్కగదిలో పెట్టి తలుపు కింద తువ్వాలు దూర్చేదాన్ని. ఇక సీలింగ్ ఫ్యాను. పిట్ట బయటున్నంతసేపూ ఫ్యాను ఆపాలి. ఆపుతామని అందరూ అంటారు. స్విచ్ మీద టేపు అంటించండి. కిటికీలకు మెష్ ఉండాలి. దీపావళి రాత్రుళ్ళు పంజరం లోపలి గదిలో, చిన్న దీపం వెలుగుతూ ఉండాలి, చీకట్లో ఉలిక్కిపడి ఊచలకేసి కొట్టుకుంటాయి.

మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా? గ్రేల ఒంటి మీంచి తెల్లటి పొడి రాలుతూనే ఉంటుంది, మొహానికి పూసుకునే పౌడర్‌లాంటిది. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి పేరు రాయొచ్చు. బెంగళూరు ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రోజూ గోరువెచ్చటి నీళ్ళు పిచికారీ చేస్తే దానికీ హాయి, మనకూ దుమ్ము తక్కువ. డిసెంబర్ చలికి మాత్రం సాయంత్రాలు తడపను.

పంజరం కనీసం 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, 4 అడుగుల ఎత్తు. ఊచల మధ్య ముప్పావు అంగుళం. హార్డ్‌వేర్ షాపులో జీఐ మెష్ (జింక్ పూత పూసిన ఇనప వల) తెచ్చి వెల్డింగ్ చేయించకండి, జింక్ నాకి విషమెక్కుతుంది. రాత్రిపూట పది నుంచి పన్నెండు గంటలసేపు నిద్ర. మీరు పదకొండింటి దాకా హాల్లో సినిమా చూస్తే అది మర్నాడు కరుస్తుంది. కరిచినప్పుడు "అబ్బా" అని కేక పెట్టారంటే దానికి అంతకన్నా వినోదం లేదు, మళ్ళీ కరుస్తుంది. నాకు కుడి బొటనవేలి మీద మూడు మచ్చలున్నాయి.

చట్టం గురించి. ఈ పిట్టల్ని అడవుల్లోంచి పట్టి అమ్మి అమ్మి, ఘానా లాంటి చోట్ల 1992 తర్వాత 90 శాతానికి పైగా మాయమయ్యాయి. 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సైటీస్ (అంతరించిపోతున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో వీటిని మొదటి అనుబంధంలోకి, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలోకి, మార్చారు, 2017 జనవరి నుంచి అడవి పిట్టల అంతర్జాతీయ వ్యాపారం నిషేధం. మన దగ్గర 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి సైటీస్ జాతులకు ప్రత్యేకంగా నాలుగో షెడ్యూల్ పెట్టారు. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జీవి మీ దగ్గరుంటే కేంద్ర పర్యావరణ శాఖవాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. కొత్తగా తెచ్చుకుంటే 30 రోజుల్లోపు. చేతులు మారినా, చచ్చిపోయినా తెలియజేయాలి. మేం 2020లో కేంద్రం స్వచ్ఛందంగా చెప్పుకోమన్నప్పుడే నమోదు చేయించాం, 2024లో మళ్ళీ చేశాం. కాబట్టి అమ్మేవాణ్ణి కాగితాలు అడగండి, కాలికి రింగు ఉందా చూడండి, నంబరు కాగితంతో సరిపోయిందా చూడండి. "కాగితాలు తర్వాత పంపిస్తా మేడం" అంటే కొనకండి. దీనికంత తతంగం ఎందుకు, మన రామచిలకను తెచ్చుకుందాం అనుకునేరు, అది ఇంకా నేరం. మన దేశపు చిలకల్ని ఇంట్లో పెంచడానికి 1972 నాటి ఆ వన్యప్రాణి చట్టమే ఒప్పుకోదు. మా చిన్నప్పుడు జోస్యం చెప్పేవాళ్ళ చేతుల్లో చూసి అలవాటైపోయి మనకది తప్పనిపించదు.

మీ స్థానంలో నేనుంటే పిల్లను కొనను. ఉద్యోగం మారో, దేశం వదిలో, పిల్లలు పుట్టో గ్రేను ఇచ్చేయాలనుకునేవాళ్ళు ఈ ఊళ్ళో ఎప్పుడూ ఉంటారు. కాగితాలు సక్రమంగా ఉన్న పెద్ద పిట్ట, స్వభావం తెలిసినది, అది మిమ్మల్ని ఒప్పుకుంటుందో లేదో నాలుగైదు ఆదివారాలు వాళ్ళింటికెళ్ళి కూర్చుని చూడొచ్చు. పాపను కూడా తీసుకెళ్ళండి. తెచ్చుకునేముందు పక్షుల్ని చూసే డాక్టరు మీ ఇంటికి ఎంత దూరంలో ఉన్నారో ఒకసారి సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌లో వెళ్ళి చూసుకోండి, మ్యాప్‌లో చూసి కాదు.

ఇంకొక లెక్క. ఇవి బాగా చూసుకుంటే 40, 50 ఏళ్ళు బతుకుతాయి. శాస్త్రికి పద్దెనిమిది. నాకు అరవై ఒకటి, మావారికి అరవై ఆరు. మా అమ్మాయి అమెరికాలో ఉంది, ఇది అక్కడికి వెళ్ళే దారి లేదు. అందుకని మా తమ్ముడి కొడుకును అడిగాం, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, పెళ్ళి కాలేదు. చేసుకోబోయే అమ్మాయికి ముందే చెప్తానని మాటిచ్చాడు. రెండేళ్ళుగా ప్రతి శనివారం వచ్చి పంజరం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటున్నాడు. మొదటి ఏడాది వాణ్ణి చూస్తే మెడ ఈకలు నిక్కబొడుచుకునేవి. ఈమధ్య బెల్లు కొట్టే తీరును బట్టి వాడే అని కనిపెట్టి ఈల వేస్తోంది. పోయిన శనివారం మొదటిసారి వాడి చేతిలోంచి బాదంపప్పు మర్యాదగా అందుకుంది. తినేసి, ముక్కు కొమ్మకేసి రాసి శుభ్రం చేసుకుని, ఆ తర్వాత వేలు కొరికింది.